ఒక పేజీ దాటకూడదు

అలిక్విప్ప, పెన్సిల్వేనియా
28 ఫిబ్రవరి 2010

ఒసే లోరీ,

నెలకో ఉత్తరం అనుకున్నాం, నెలా తొమ్మిది రోజులైంది. తిట్టకు. నాన్న పోయినప్పుడు మనిద్దరం ఫోన్లో అరుచుకున్న అరుపులకి అమ్మ పెట్టిన రూలు ఇది. "మీరు ఒకరి మాట ఒకరు పూర్తిగా వినరు, ఉత్తరాలు రాసుకు చావండి. కాగితాన్ని మధ్యలో నోరుముయ్యమనలేరు కదా" అంది. అమ్మ పోయి ఆరేళ్ళయినా మన ఇంట్లో ఆవిడ మాటే చెల్లుతోంది.

పైపుల మిల్లు మూసేసి పద్నాలుగు నెలలు. ఇరవై రెండేళ్ళు ఆ గోదాములో ఏ పైపు ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాములు రాసినవాణ్ణి, ఇప్పుడు ప్రతి శుక్రవారం చర్చి కింద గదిలో ఆడవాళ్ళతో కూచుని పిండిలో బంగాళదుంప కూరి పిరోగీలు మడుస్తున్నాను. ఈస్టరు ముందు ఉపవాస దినాలు కదా, ఎవరూ మాంసం ముట్టరు, అమ్మకం బాగుంది. నేను చేసినవి మాత్రం మరిగే నీళ్ళలో పడగానే నోళ్ళు తెరిచేస్తున్నాయి. "ఇరవై రెండేళ్ళు కంప్యూటర్లు చేశావట, పిండి అంచు అతికించడం రాదా నాయనా?" అని మిసెస్ ఓండ్రుష్ అందరి ముందూ అడిగింది. యాభై నాలుగేళ్ళ వయసులో నాకీ పరీక్ష ఒకటి.

అసలు విషయం. నా రెజ్యూమే పంపుతున్నాను, రెండు పేజీలు. నువ్వు లాయరు ఆఫీసులో వీసా కాగితాలు చూస్తావు కదా, ఇలాంటివి రోజుకెన్ని చూస్తావో. కాస్త దిద్ది పంపు. నీ ముందు ఇలా చెయ్యి చాపడం నాకేం బాగాలేదు. అయినా ఇంకెవర్ని అడగను?

నీ అన్న,
వెండెల్


ట్రెంటన్, న్యూజెర్సీ
7 మార్చి 2010

అన్నయ్యా,

చెయ్యి చాపడం ఏమిటి, ఏమిటా మాటలు? నాకు టైపు కొట్టడం నేర్పిందెవరు? మిల్లు ఆఫీసులో పారేసిన టైపు మిషను భుజాన మోసుకొచ్చి, నా వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పావు. ఆ వేళ్ళతోనే తింటున్నాను ఇవాళ.

ఎర్ర సిరా చూసి కోప్పడకు. రెజ్యూమే ఒక పేజీ దాటకూడదు. రెండో పేజీ ఎవరూ చూడరు, చూస్తే ముసలాడనుకుంటారు. చదరంగం క్లబ్బు కొట్టేశాను. సైన్యంలో ట్రక్కు నడిపింది కొట్టేశాను. పేదలకి తిండి పంచే ఆహార నిధి గోదాములో, మిల్లు మూయకముందు నుంచీ రెండేళ్ళు గ్రేలాక్ సాఫ్ట్‌వేర్ నడిపానని రాశావు, అది కూడా కొట్టేశాను. పుణ్యానికి చేసిన పని అది, జీతం లేదు. రాస్తే "పాపం, ఖాళీగా ఉన్నాడు" అనుకుంటారు. ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉందో!

నా మాట నమ్ము. ఇది నా పని.

ఇక్కడ పై వాటా అతను రోజూ ట్రంపెట్ నేర్చుకుంటున్నాడు. ఒకే పాట, ఒకే తప్పు.

నీ చెల్లెలు,
లోరెటా


అలిక్విప్ప
6 ఏప్రిల్ 2010

లోరీ,

దొరికింది! ఎక్కడ దొరికిందో చెప్తే నవ్వుతావు. గుడ్ ఫ్రైడే నాడు పిరోగీల ట్రేల కింద పరిచిన ఆదివారం పేపర్లో. పిండి దులిపి చదివాను. కొరియోపొలిస్‌లో బ్రాండ్‌వెల్ అనే సరుకు రవాణా కంపెనీ, మా ఇంటికి ఇరవై నిమిషాలు. గోదాము ప్రోగ్రాములు రాసేవాడు కావాలట. ఇనుము సరుకు తెలిసుండాలి, పదేళ్ళ అనుభవం ఉండాలి, పాత కంప్యూటర్ భాషలూ రావాలి, గ్రేలాక్‌లో రెండేళ్ళు పని చేసుండాలి. నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని రాసినట్టుంది. మిసెస్ ఓండ్రుష్‌కి చదివి వినిపిస్తే, "నీ పేరొక్కటే వెయ్యలేదు" అంది.

ఈ రోజుల్లో కూడా దరఖాస్తు పోస్టులోనే పంపమన్నారు, కంప్యూటర్లో కాదు. పాత పద్ధతి మనుషులన్నమాట. నాకప్పుడే నచ్చేశారు.

గ్రేలాక్ సంగతి మళ్ళీ చేర్చుదామా అని ఒక పూటంతా ఆలోచించాను. నువ్వు కొట్టేశావు కదా, నీకు తెలిసినంత నాకేం తెలుసులే అని నువ్విచ్చిన ఒక పేజీనే పంపేశాను. పిలిస్తే నోటితో చెప్తాను.

ఎన్నాళ్ళకో నిన్న బూట్లకి పాలిష్ చేశాను.

వెండెల్


ట్రెంటన్
12 ఏప్రిల్ 2010

అన్నయ్యా,

ఉత్తరం అందింది. సంతోషం.

ఒక మాట చెప్తాను, వేరేగా అనుకోకు. ఆ కంపెనీ గురించి మంచి మాట వినలేదు. కొరియోపొలిస్ వెళ్ళే వంతెన మీద పొద్దున్నే ఎంత రద్దీ ఉంటుందో నీకు తెలుసు. పేపర్లో పడినవన్నీ ఉద్యోగాలు కావు. దాని మీద మరీ ఆశ పెట్టుకోకు, ఇంకో నాలుగు చోట్ల కూడా పంపు. బీవర్‌లో ఆసుపత్రికి మనుషులు కావాలని విన్నాను.

ట్రంపెట్ అతను ఊరెళ్ళాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఏమీ తోచడం లేదు.

లోరెటా


అలిక్విప్ప
2 మే 2010

లోరెటా,

లోరీ అని రాయబుద్ధి కాలేదు, అందుకే పూర్తి పేరు.

అర్థమైంది. నాన్న పోయిన రోజు ఫోన్లో ఏమన్నావు? "నువ్వు మిల్లు గేటు దాటితే ఎందుకూ పనికిరావు" అన్నావు. తర్వాత ఏడ్చావు, సారీ చెప్పావు, సరే. కానీ మనసులో ఉన్నది అదే. లేకపోతే అన్న బూట్లు పాలిష్ చేసుకున్నానని రాస్తే వంతెన మీద రద్దీ గురించి రాస్తుందా ఎవరైనా?

నీకో కబురు. వాళ్ళు పిలిచారు. వెళ్ళొచ్చాను.

మేనేజరు కుర్ర మనిషి, గడియారం చూసుకుంటూ కూచున్నాడు. పక్కన సెల్వరాజ్ అని ఇండియా ఆయన ఉన్నాడు. నాకు కాఫీ తెచ్చిచ్చాడు, పంచదార ఎంత అని అడిగి మరీ కలిపాడు. గ్రేలాక్ గురించి నోటితో గంటసేపు చెప్పాను. తేదీ మారినప్పుడు అది సరుకుని రెండుసార్లు చూపించే జబ్బుందని, దానికి మేం ఆహార నిధిలో కనిపెట్టిన చిట్కా చెప్తే సెల్వరాజ్ కుర్చీలోంచి లేచాడు. "నేను రెండు నెలలుగా దీంతోనే కొట్టుకుంటున్నానండీ!" అన్నాడు. ఎన్నాళ్ళయిందో లోరీ, నేను చెప్పేది ఒకడు అలా విని.

ఒక్కటే అర్థం కాలేదు. ఆ పని ఇప్పుడు చేస్తున్నది ఆయనే. "మరి నేనెందుకు మీకు?" అని అడిగితే బూట్ల వైపు చూసుకున్నాడు. పని పెరిగి ఇంకొకణ్ణి తీసుకుంటున్నారేమో. ఆయన పక్కన కూచుని పని చెయ్యడం నాకిష్టమే.

ఇప్పటికైనా శుభాకాంక్షలు చెప్తావా?

వెండెల్


ట్రెంటన్
10 మే 2010

అన్నయ్యా,

శుభాకాంక్షలు. మనసారా.

ఈ ఉత్తరం ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఒకవేళ ఆ ఉద్యోగం రాకపోతే అది నీ తప్పు కాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

నీకు నీలం టై పంపుతున్నాను.

లోరెటా


అలిక్విప్ప
13 జూన్ 2010

లోరీ,

రాలేదు. "గ్రేలాక్‌లో కావలసిన అనుభవం లేనందున" అట. గంటసేపు గొంతు ఎండేలా చెప్పానే! మేనేజరుకి చెవులు లేవా?

దానికే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నేనొక పని చేశాను. ఎవరికీ చెప్పుకోలేక నీకు చెప్తున్నాను.

గురువారం యూనియన్ హాల్లో మీటింగు పెట్టారు. బయటి దేశాల పనివాళ్ళ వీసాల చట్టం మార్చాలని. కాంగ్రెస్ సభ్యుడి తరఫున ఒకతను కాగితాలు పట్టుకొచ్చాడు. మిల్లు వాళ్ళంతా వచ్చారు. ఒక్కొక్కడూ లేచి నా ఉద్యోగం పోయింది, నా చేతే వచ్చినవాడికి పని నేర్పించారు అని చెప్పాడు. నేనూ లేచి బ్రాండ్‌వెల్ సంగతి చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలకెక్కాయనుకుంటాను.

మర్నాడు సరుకుల షాపు బయట సెల్వరాజ్ కనిపించాడు, పక్కన ఆయన భార్య. చేతిలో పుచ్చకాయ. ఆయనే నన్ను చూసి నవ్వి "మిస్టర్ హుడాక్!" అని పిలిచాడు. నేనేమన్నానో తెలుసా? "మా ఉద్యోగాలు తిన్నది చాలు, మీ దేశం పొండి" అన్నాను. గట్టిగా. అందరూ తిరిగి చూసేంత గట్టిగా. ఆయన నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. ఆవిడ పుచ్చకాయని రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. కాఫీలో పంచదార ఎంత అని అడిగిన మనిషి లోరీ! నాన్న బతికుంటే చెంప పగలగొట్టేవాడు. తాతయ్య ఈ దేశం వచ్చిన కొత్తలో ఇదే మాట ఆయన్ని ఇదే వీధిలో అన్నారని వందసార్లు చెప్పాడు మనకి. ఇవాళ ఆదివారం, చర్చికి కూడా వెళ్ళలేదు. సిగ్గేసింది.

వెండెల్


ట్రెంటన్
20 జూన్ 2010

అన్నయ్యా,

నిలబడి చదువుతుంటే కూచో.

ఆ ప్రకటన వేసింది మా ఆఫీసు. పేపరుకి ఫోన్ చేసి అచ్చు వేయించింది నేను. నిన్ను వద్దన్న కారణం టైపు చేసిందీ నేనే. నువ్వు నేర్పిన వేళ్ళతోనే.

మొదట్నుంచీ చెప్తాను. వీసా మీద పనిచేసే మనిషికి కంపెనీ గ్రీన్ కార్డు ఇప్పించాలంటే, ఈ పనికి ఇక్కడి వాళ్ళెవరూ దొరకలేదని ప్రభుత్వానికి చూపించాలి. దానికి రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వెయ్యాలి. ఆ మనిషికి ఏమేం వచ్చో అవే అర్హతలని రాస్తాం. పోస్టులో పంపమంటాం, ఎవరూ పంపరని. పెళ్ళయిపోయాక సంబంధాలు వెతికినట్టన్నమాట. వారానికి ముప్ఫై వేస్తాను నేను. ఊరి పేర్లు కూడా చదవను. ఈ ప్రకటనల పని నా చేతికొచ్చిన నాలుగేళ్ళలో అన్ని అర్హతలూ ఉన్న మనిషి ఒక్కడూ రాలేదు. ఈసారి సెల్వరాజ్ గారి కోసం వేసిన ప్రకటనకి వచ్చాడు, నా అన్నయ్య.

కంపెనీ నుంచి కవరు వచ్చింది. తీస్తే నా వరసలు, నా కామాలు, నేను దిద్దిన పేజీ. లాయరు చూసి, "ఈయన అన్నిటికీ సరిపోతున్నాడే, గ్రేలాక్ ఒక్కటి లేదు. బతికిపోయాం" అన్నాడు. "ఇంటర్వ్యూలో చెప్పాడట" అని మేనేజరు రాసి పంపాడు. "కాగితం మీద లేదు కదా, కాగితమే లెక్క" అన్నాడు లాయరు. ఈయన మా అన్న అని నేననలేదు. ఆ లైను కొట్టేసింది నేనేనని అనలేదు. యాభైకి దగ్గరపడ్డాను, ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎవరిస్తారని భయం. టైపు చేసి సంతకానికి పెట్టాను.

నువ్వు పనికిరావని కాదు అన్నయ్యా నేను వంతెన గురించి రాసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను, అంతే. నువ్వు ఆ పెద్దమనిషిని తిట్టావని సిగ్గుపడుతున్నావు. ఆ తిట్టు నాకు రావాల్సింది.

క్షమించమని అడిగే ముఖం లేదు.

లోరెటా


అలిక్విప్ప
3 జూలై 2010

అందింది. చదివాను. ఇప్పుడు రాస్తే అమ్మ పెట్టిన రూలు తప్పి అరుస్తాను. ఆగు.

వె.


ట్రెంటన్
29 ఆగస్టు 2010

అన్నయ్యా,

నువ్వు రాయలేదు. రాయకపోయినా నేను చెప్పాల్సింది చెప్తాను.

జూలైలో కార్మిక శాఖ వాళ్ళు బ్రాండ్‌వెల్ ఫైలు మొత్తం అడిగారు. ఇప్పుడు తనిఖీలు ఎక్కువ చేస్తున్నారు. లాయరు నన్ను కట్ట కట్టమన్నాడు. కట్టాను. పైన నాదొక ఉత్తరం పెట్టాను: వెండెల్ హుడాక్ అనే ఈ మనిషికి ఆ అనుభవం ఉంది, ఇంటర్వ్యూలో చెప్పాడు, కాగితంలోంచి తీసింది ఆయన చెల్లెలు, ఆ చెల్లెల్ని నేను. సంతకం చేసి, లాయరుకి చూపించే పోస్టు చేశాను. మధ్యాహ్నానికి నా బల్ల ఖాళీ చెయ్యమన్నారు. పదహారేళ్ళ సామాను చూస్తే ఒక అట్టపెట్టె, ఒక కుండీ.

నిజం చెప్పేస్తే నీకు న్యాయం జరుగుతుందనుకున్నాను. కాదట. చట్టం అలా రాసుంది. సెల్వరాజ్ గారి దరఖాస్తు కొట్టేస్తారు, అంతే. నిన్ను తీసుకోమని ఎవరూ వాళ్ళని అడగరు. ఆయన వీసా గడువు దగ్గరపడింది, మళ్ళీ మొదలుపెట్టే టైము లేదు. అబద్ధమాడి నీ నోట్లో మట్టి కొట్టాను, నిజం చెప్పి ఆయన నోట్లో కొట్టాను. చట్టం మారుస్తామంటూ మీ హాల్లో కాగితాలు పంచినతను మళ్ళీ వస్తే చెప్పు: ప్రకటన వేస్తే మనిషి కోసం వెయ్యండి, లేకపోతే వెయ్యకండి. నేను పదహారేళ్ళలో నేర్చుకున్నది ఇంతే.

ట్రంపెట్ అతను తిరిగొచ్చాడు. అదే తప్పు ఇంకా వాయిస్తున్నాడు.

లోరెటా


అలిక్విప్ప
10 అక్టోబరు 2010

ఒసే లోరీ,

మూడు నెలలు పట్టింది. ఒక్కో వారం ఒక్కో ఉత్తరం రాశాను, అన్నీ పొయ్యిలో వేశాను. వాటిలో నువ్వు చదవదగ్గ మాట ఒక్కటి లేదు.

పోయిన శనివారం సెల్వరాజ్ ఇంటికి వెళ్ళాను. చేత్తో ఏం పట్టుకెళ్ళను? పిరోగీలు పట్టుకెళ్ళాను. తలుపు ఆవిడ తీసింది. నన్ను గుర్తుపట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు చాలు నాకు, చచ్చేదాకా. "అమ్మా, ఆ రోజు నేనన్న మాట తప్పు. చెప్పిపోదామని వచ్చాను" అన్నాను. గుమ్మంలో నిలబడి ఏడ్చాను, చేతిలో పిరోగీల డబ్బాతో. నీకు నవ్వొస్తే నవ్వు.

ఆయన లోపలికి పిలిచాడు. కాఫీలో పంచదార ఎంతో అడగలేదు, ఆయనకి గుర్తుంది. నా ఎదురుగా కూచుని, "మీరొక్కరే కాదండీ సిగ్గుపడాల్సింది" అన్నాడు. ఇంటర్వ్యూ అయ్యాక మేనేజరు "ఎలా ఉన్నాడు?" అని ఆయన్ని అడిగాడట. "నాకంటే మీకే బాగా వచ్చని నాకు తెలుసు. బాగానే ఉన్నాడు అన్నాను, అంతే. ఇంకొక్క మాట గట్టిగా అనుంటే మిమ్మల్ని కాదనలేకపోయేవాళ్ళు. అంటే నా ఇల్లు కూలుతుంది. మీరు చెప్పిన చిట్కా మాత్రం మర్నాడే వాడుకున్నాను" అన్నాడు. ఆరేళ్ళుగా జీతం పెంచమని కూడా అడగలేదట, పొమ్మంటే దేశం వదలాలని. కట్టేసిన మనిషి చౌక కదా లోరీ, అందుకే మనలాంటి విప్పేసిన వాళ్ళు అక్కర్లేదు. నేను హాల్లో ఈ సంగతి చెప్పి ఉండాల్సింది. చప్పట్లు పడేవి కావేమో.

వాళ్ళు డిసెంబరులో టొరంటో వెళ్ళిపోతున్నారు. బ్రాండ్‌వెల్ ఆ పనిని బయటి కంపెనీకి ఇచ్చేసింది. ఆ కుర్చీ ఆయనకీ లేదు, నాకూ లేదు.

ఆవిడ నా పిరోగీలు చూసి, "మేమూ ఇలాంటివి చేస్తాం, అంచు ఇలా కాదు" అని పిండి కలిపి చూపించింది. తడిచేసి, మడిచి, చిన్న చిన్న మెలికలు తిప్పుతూ పోవాలి. మొన్న శుక్రవారం నావి ఒక్కటీ నోరు తెరవలేదు. మిసెస్ ఓండ్రుష్ ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి ట్రే తీసుకెళ్ళింది.

నిన్ను క్షమించానా అంటే, ఇంకా లేదు. అబద్ధం రాయను. కానీ నాలుగేళ్ళుగా ముప్ఫై ముప్ఫై వేసిన మనిషివి ఒక ఉత్తరం మీద సంతకం పెట్టి బయటికొచ్చావు. ఆ అట్టపెట్టె గురించి చదివినప్పుడు నా చెల్లెలు ఇది అనుకున్నాను.

ఈ కవర్లో నా రెజ్యూమే ఉంది, బీవర్ ఆసుపత్రికి పంపుతున్నది. గ్రేలాక్ మళ్ళీ రాశాను, ట్రక్కు రాశాను, చదరంగం కూడా రాశాను. రెండో పేజీకి పోయింది. పోనీ.

నువ్వూ ఇప్పుడు ఖాళీయే కదా. నీది పంపు, ఈసారి నేను చూస్తాను. ఆ ఉత్తరం సంగతి కూడా రాయి, అందువల్లే ఉద్యోగం పోయిందని రాయి. నేనేదీ కొట్టెయ్యను.

నీ అన్న,
వెండెల్